పింగాణీ కింద

మూడుసార్లు మోగింది చీపురు కర్ర, కింద నుంచి.
ఇల్డా ఫుర్తాదు తన పైకప్పును కొట్టిందంటే
అది నా నేల.

న్యూ బెడ్‌ఫర్డ్‌లో మా వీధి ఇళ్లన్నీ చెక్కవి, మూడంతస్తులు.
ఒకరి నేల ఇంకొకరికి ఆకాశం.
ఆమె ఆకాశంలో టీ రంగు మచ్చ ఒకటి
అక్టోబరు నుంచి పెరుగుతోంది.

పైన చూస్తే ఏమీ లేదు.
కమోడ్ పీఠం చుట్టూ ఎవరో ఎప్పుడో పూసిన తెల్ల సిలికాన్,
పుండు మీద పౌడరు.
ఫ్లష్ నొక్కినప్పుడల్లా
చాప కింద నీరంటారే, అచ్చం అలా
టైళ్ల కింద నడుచుకుంటూ పోయి
ఇల్డా పొయ్యి మీద దిగుతోంది.

ఇంటి యజమానికి ఫోన్ చేశాను. ఫ్లోరిడాలో ఉన్నాడట.
ఎప్పుడు చేసినా ఫ్లోరిడాలోనే ఉంటాడు.
ఔరేలియో పడవ రావడానికి ఇంకా తొమ్మిది రోజులు.

సరే.

నీళ్లు కట్టేశాను. తొట్టి ఖాళీ చేశాను.
అడుగున మిగిలినదాన్ని ముక్కు బిగబట్టి
స్పాంజితో బకెట్లోకి పిండాను.
ఒక నట్టు మర్యాదగా వచ్చింది.
రెండోది తుప్పుపట్టి బోల్టుతో ఏకమైపోయింది.
రంపపు బ్లేడుతో నలభై నిమిషాలు కూర్చుని
విడాకులు ఇప్పించాను.

అటు తెల్మో, నా కొడుకు, పద్నాలుగేళ్లవాడు. ఇటు నేను.
ఊపి, లేపి, పాత దుప్పటి మీద పడుకోబెట్టాం
ఒడ్డుకి కొట్టుకొచ్చిన తెల్లటి జంతువులా.

నల్లబడ్డ మైనం. ఒకవైపు పల్చబడి
ఒకచోట అసలే లేదు,
నా చిటికెన వేలి గోరు పట్టేంత ఖాళీ.
దానికే
మెట్ల మీద ఎదురైతే మొహం తిప్పుకోవడం,
చర్చిలో వేరే బెంచీ.

గొట్టం నోట్లో తెల్మో పాత చొక్కా కుక్కాను,
లేదంటే ఊరి కడుపులోని వాసనంతా మా ఇంట్లోకే.
ఇక గీకడం. అది నాకు వచ్చిన పని.
రేవు షెడ్డులో పంతొమ్మిదేళ్లు చేపలు కోసిన చెయ్యి,
కత్తి ఏటవాలుగా, మణికట్టు వదులుగా,
ముల్లు మీద కండ మిగలకూడదు.
మూలన చెక్క తడిసిన బిస్కెట్టులా ఉంది.
అది ఔరేలియో వచ్చాక. ఇవాళ్టికి
జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆరబెట్టాను.

కొత్త మైనం ఏడు డాలర్లు. తేనె రంగు.
మా అమ్మ చేపల బుట్ట కింద తలకి పెట్టుకునే
చుట్టకుదురు గుర్తొచ్చింది.
డబ్బా మీద రాసి ఉంది:
తిన్నగా దించాలి. తిప్పకూడదు. బరువు పెట్టాలి.
కుదిరాక మళ్లీ లేపకూడదు.
మైనం ఒక్కసారే లొంగుతుంది.

తెల్మో కూర్చున్నాడు. దిగలేదు.
నేను కూర్చున్నాను. అరవేలు సందు అలాగే ఉంది.
ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
ఈసారి నేనే
మడమతో నేలని మూడుసార్లు కొట్టాను.

ఇల్డా వచ్చింది. కోటు, చేతిసంచి,
పోట్లాటకి సిద్ధంగా.
సంగతి విని గుమ్మంలో చాలాసేపు నిలబడింది.
"అంటే, నా బరువు కోసం పిలిచావా?"
అబద్ధం ఒక్కటీ సమయానికి దొరకలేదు.
"అవును."

చేతిసంచి తెల్మోకిచ్చింది.
కోటు బొత్తాలు విప్పకుండా, వీపు నిటారుగా,
ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుంది.
ఏదో చిన్నగా నిట్టూర్చినట్టయింది.
పింగాణీ నేలని తాకింది.

ఆమె చెప్పుల పక్కన మోకాళ్ల మీద నేను,
ఇటు అర చుట్టు, అటు అర చుట్టు.
"చాలు," అంది పైనుంచి.
"ఎక్కువ బిగిస్తే పగులుతుంది.
మా ఫిర్మీనో అలాగే ఒకటి పగలగొట్టాడు, బలం చూపించబోయి."
ఈ చలికాలమంతటిలో ఆమె నాతో అన్న మాటల్లో
మచ్చ గురించి కానిది ఇదే మొదటిది.

నీళ్లు వదిలాం. ఫ్లష్ నొక్కాం.
పీఠం చుట్టూ కాగితం పెట్టి చూశాను. పొడి.
ఆమె నమ్మలేదు. తన కప్పు తాను చూసుకుంటానని
రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

మేం ఊపిరి బిగబట్టి నిల్చున్నాం.
కింద నుంచి కర్ర మోగింది,
ఒక్కసారి.

ఒకటంటే ఏమిటో ముందుగా అనుకోలేదు.
తెల్మో నావైపు చూసి
మళ్లీ ఫ్లష్ నొక్కాడు.